ఒకటే జబ్బా, ఆరు జబ్బులా?

మా చిన్నాన్న పోయిన ఏడాదికి, ఇల్లు సర్దుతూ పిన్ని ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చి నా ముందు పెట్టింది. పాతికేళ్ళ పాటు ఆయన్ని చూసిన డాక్టర్ల చీటీలన్నీ అందులో ఉన్నాయి. తారీఖుల వరసన పేర్చుకుని చదివేను. అన్నిటికన్నా పాత చీటీ మీద నరాల బలహీనత అని ఉంది. తరవాత వరసగా డిప్రెషన్, యాంగ్జైటీ, ఓసీడీ, సైకోసిస్. చివరి మూడేళ్ళ చీటీల మీద బైపోలార్. ఊరు మారినప్పుడల్లా డాక్టరు మారేడు, డాక్టరు మారినప్పుడల్లా జబ్బు పేరు మారింది. కానీ మందుల వరస చూస్తే అంతగా మారలేదు. పేరు డిప్రెషన్ అయినా, యాంగ్జైటీ అయినా, ఓసీడీ అయినా ఇంచుమించు అవే రెండు మాత్రలు, మోతాదు మాత్రం అటూ ఇటూ.

"ఇన్నేళ్ళూ వేళకి మందులు వేసింది నేను. కానీ ఇవి ఆరు జబ్బులో, ఒకటే జబ్బుకి ఆరు పేర్లో నాకు ఒక్కరూ చెప్పలేదురా. నువ్వు లెక్కలు చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు," అంది.

నా ఉద్యోగం స్టాటిస్టిక్స్‌తో. నాకూ మానసిక వైద్యానికీ ఏం సంబంధం అని ఆ రోజు మాట తప్పించేను. తరవాత తీరిగ్గా చదువుతూ పోతే తెలిసింది, పిన్ని అడగవలసిన వాణ్ణే అడిగిందని. ఆవిడ అడిగిన ప్రశ్న కనీసం నూట డెబ్బై ఏళ్ళ పాతది. గత తొంభై ఏళ్ళుగా దానికి జవాబు వెతుకుతున్నవాళ్ళలో డాక్టర్లు ఎంతమందో, లెక్కల మనుషులూ అంతమంది ఉన్నారు. ఈ వ్యాసం ఆ వెతుకులాట కథ.

ఒకటి నుంచి రెండుకి

మన వాడుకలో 'పిచ్చి' అన్నది ఒకటే మాట. అందులో రకాలున్నాయని అందరికీ తెలుసు కానీ, విడివిడి జబ్బులుగా పేర్లు పెట్టుకోలేదు. హైదరాబాదు వైపు 'ఎర్రగడ్డ', కోస్తాలో 'విశాఖపట్నం పిచ్చాసుపత్రి' అంటే చాలు, మిగతాది అడగక్కరలేదు. దీన్ని మన వెనకబాటుతనం అనుకోనవసరం లేదు. 19వ శతాబ్దం మధ్యలో జర్మనీలో పెద్ద పెద్ద వైద్యులు కూడా ఇంచుమించు ఇదే అన్నారు. విన్నెంతాల్ ఆసుపత్రిని నడిపిన ఎర్న్‌స్ట్ ఆల్బర్ట్ త్సెల్లర్, ఆయన దగ్గర పనిచేసిన విల్‌హెల్మ్ గ్రీజింగర్ ఈ వాదానికి ముఖ్యులు. 1845లో వచ్చిన గ్రీజింగర్ పాఠ్యపుస్తకం ప్రకారం ఉన్మాదం ఒకటే. అది దిగులుతో మొదలై, ఉద్రేకంగా మారి, భ్రమల్లోకి దిగి, చివరికి బుద్ధి మందగించడంతో ముగుస్తుంది. మనం వేరు వేరు జబ్బులు అనుకునేవి ఆ ప్రయాణంలో మజిలీలు మాత్రమే. దీన్ని ఏకోన్మాద వాదం అందాం. గ్రీజింగరే తన చివరి రోజుల్లో ఈ మాట పూర్తిగా నిజం కాదని ఒప్పుకున్నాడు. దిగులు అన్న మజిలీ తొక్కకుండానే నేరుగా భ్రమల్లోకి దిగేవాళ్ళు ఆయనకి కనిపించేరు.

ఏకోన్మాద వాదాన్ని పక్కకి నెట్టినవాడు ఎమిల్ క్రేపెలిన్ (1856-1926). ఒక్కో రోగికి ఒక్కో కార్డు రాసి పెట్టుకునే అలవాటు ఆయనది. ఇవాళ రోగి ఎలా ఉన్నాడన్నది కాదు, ఏళ్ళు గడిచేక ఏమయ్యేడన్నది చూడాలి అన్నాడు. 1899లో వచ్చిన తన పాఠ్యపుస్తకం ఆరో కూర్పులో పెద్ద ఉన్మాదాలని రెండుగా చీల్చేడు. ఒకటి చిన్న వయసులో మొదలై మనిషిని క్రమంగా దిగజార్చేది. తరవాత స్విట్జర్లాండులో బ్లాయిలర్ దీనికే స్కిట్జోఫ్రీనియా అని పేరు పెట్టేడు. రెండోది వచ్చి పోతూ ఉండే ఉద్రేకమూ దిగులూ, ఇవాళ్టి బైపోలార్‌కి అమ్మమ్మ లాంటిది. ఈ చీలిక ఇప్పటికీ వైద్యుల పుస్తకాల్లో ఉంది. అయితే 1920లో, పోవడానికి ఆరేళ్ళ ముందు, క్రేపెలినే ఒక వ్యాసంలో ఈ రెంటి మధ్య గీత తను అనుకున్నంత స్పష్టంగా లేదని రాసేడు. రోగుల్లో చాలామంది ఆ గీత మీదే నిలబడి ఉన్నారు. ఒకటి అన్నవాడూ, రెండు అన్నవాడూ, ఇద్దరూ ఆఖరికి తమ మాట మీద తామే సందేహపడ్డారన్నమాట.

నాలుగు సబ్జెక్టుల మార్కులు

క్రేపెలిన్ కుర్రతనంలో లైప్‌త్సిగ్ వెళ్ళి విల్‌హెల్మ్ వుంట్ దగ్గర పనిచేసేడు. మనస్తత్వశాస్త్రానికి మొట్టమొదటి ప్రయోగశాలల్లో ఒకటైన వుంట్ ప్రయోగశాల 1879లో మొదలైంది. క్రేపెలిన్ తరవాత చాలా ఏళ్ళకి అదే ప్రయోగశాలకి ఇంకో శిష్యుడు వచ్చేడు. పేరు ఛార్లెస్ స్పియర్‌మన్. పదిహేనేళ్ళ పాటు బ్రిటిష్ సైన్యంలో అధికారిగా చేసి, 1897లో రాజీనామా ఇచ్చి, ముప్ఫై నాలుగేళ్ళ వయసులో చదువుకోవడానికి వచ్చినవాడు. అతనికి పిచ్చితో పనిలేదు. అతని గోల అంతా తెలివితేటల గురించి.

లెక్కల్లో బాగా వచ్చినవాడికి ఇంగ్లీషులో కూడా సాధారణంగా బాగానే వస్తాయి. ఇది ఏ బడిపంతులైనా చెబుతాడు. 1904లో అచ్చయిన వ్యాసంలో స్పియర్‌మన్ దీన్ని అంకెల్లో చూపించేడు. రెండు సబ్జెక్టుల మార్కులు కలిసి ఎంత పెరుగుతాయో, కలిసి ఎంత తగ్గుతాయో చెప్పే అంకె ఒకటి ఉంది. దాన్నే కోరిలేషన్, సహసంబంధం అంటాం. అసలు పొత్తు లేకపోతే సున్న, పూర్తిగా పొత్తు ఉంటే ఒకటి. స్పియర్‌మన్‌కి ఏ రెండు సబ్జెక్టులు తీసుకున్నా సున్న కన్నా ఎక్కువే వచ్చింది. అంతవరకే అయితే అది పెద్ద విశేషం కాదు. ఆ అంకెల మధ్య ఒక క్రమం ఉందని చూడడమే అతని ప్రతిభ.

ఆ క్రమం ఏమిటో నేను కల్పించిన అంకెలతో చెబుతాను. నాలుగు సబ్జెక్టులు, వాటన్నిటి వెనకా కనిపించని సామర్థ్యం ఒకటి ఉందనుకోండి. ఒక్కో సబ్జెక్టుకీ ఆ సామర్థ్యంతో ఉన్న పొత్తు వరసగా 0.9, 0.8, 0.7, 0.6 అనుకోండి. అప్పుడు ఏ రెండు సబ్జెక్టుల మధ్య సహసంబంధమైనా ఈ అంకెల లబ్ధమే అవుతుంది. మొదటిదానికీ రెండోదానికీ 0.72, మూడోదానికీ నాలుగోదానికీ 0.42. ఈ రెండిటినీ గుణించండి, 0.3024. ఇప్పుడు మొదటిదానికీ మూడోదానికీ 0.63, రెండోదానికీ నాలుగోదానికీ 0.48. గుణించండి, మళ్ళీ 0.3024. మిగిలిన జతలు 0.54, 0.56. అదీ 0.3024. నాలుగు సబ్జెక్టులని ఎలా జతకట్టినా జవాబు ఒకటే. వెనక ఉన్నది ఒకటే కారణమైతే ఇలా జరిగి తీరాలి. స్పియర్‌మన్ దీన్ని తిప్పి చదివేడు. ఇలా జరిగింది కాబట్టి వెనక ఒకటే కారణం ఉంది అన్నాడు. దానికి 'జి' అని ఒక్క అక్షరం పేరు పెట్టేడు, జనరల్ అన్న మాటకి మొదటి అక్షరం. కనిపించేవాటి పొత్తుల్లోంచి కనిపించని కారకాలని లాగే ఈ పద్ధతికే తరవాత ఫాక్టర్ ఎనాలిసిస్ అన్న పేరు స్థిరపడింది.

అలా తిప్పి చదవడం దగ్గరే తకరారు ఉంది. వాన పడితే వీధి తడుస్తుంది, నిజమే. వీధి తడిసింది కాబట్టి వాన పడిందనడం వేరు, మునిసిపాలిటీ ట్యాంకరు వచ్చి ఉండొచ్చు. ఈ సంగతికి మళ్ళీ వస్తాను.

లెక్కలు ఆసుపత్రిలోకి

స్పియర్‌మన్ పద్ధతిని ఉన్మాదానికి వర్తింపజేసిన తొలి మనిషి థామస్ వెర్నర్ మూర్. వాషింగ్టన్‌లోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో పనిచేసేవాడు. కాథలిక్ సన్యాసి, పైగా మానసిక వైద్యుడు కూడా. 1933లో ఆయన వందలమంది రోగుల లక్షణాలని పట్టికలుగా రాసి, ఏ లక్షణం ఏ లక్షణంతో కలిసి వస్తోందో లెక్కకట్టి, క్రేపెలిన్ చెప్పిన జబ్బులు అంకెల్లో కనిపిస్తాయేమో చూసేడు. కొన్ని గుంపులు కనిపించేయి, కానీ క్రేపెలిన్ గీసిన గీతల మీద సరిగ్గా కూర్చోలేదు. కంప్యూటర్లు లేని రోజులు. ప్రతి సహసంబంధమూ చేత్తో కట్టవలసిందే.

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. లండన్ శివారులో మిల్‌హిల్ అత్యవసర ఆసుపత్రిలో మనసు చెదిరిన సైనికులని ఉంచేరు. అక్కడ హాన్స్ ఐసెంక్ అన్న యువకుడు 700 మంది సైనికుల వివరాలని ఫాక్టర్ ఎనాలిసిస్ చేసి, వాళ్ళందరిలోనూ ఎక్కువ తక్కువలుగా పరుచుకున్న ఒక పెద్ద కారకాన్ని చూపించేడు. దానికి న్యూరాటిసిజం అని పేరు. ఆ పుస్తకం 1947లో వచ్చింది. జబ్బు ఉన్నవాడూ లేనివాడూ అని రెండు గదులు లేవు, ఒకే కొలబద్ద మీద అందరం ఎక్కడో ఒకచోట ఉన్నాం అన్నది ఐసెంక్ జీవితమంతా వదలకుండా చేసిన వాదన.

ఇక్కడ మన తెలుగువాడు ఒకడు కథలోకి వస్తాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు, అందరికీ తెలిసిన సి. ఆర్. రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, కలకత్తాలో మహలనోబిస్ దగ్గర చేరి, 1946లో కేంబ్రిడ్జి వెళ్ళేడు. అక్కడ మ్యూజియంలో సూడాన్ నుంచి వచ్చిన పాత ఎముకల కొలతలు తీసుకుని, ఏ గుంపు మనుషులు ఏ గుంపుకి ఎంత దగ్గరో లెక్కకట్టడం ఆయన పని. దానికి పనికొచ్చిన పనిముట్టు మహలనోబిస్ కనిపెట్టిన 'దూరం'. ఎత్తు, తల చుట్టుకొలత, ముక్కు పొడుగు లాంటి చాలా కొలతలని ఒకేసారి లెక్కలోకి తీసుకుని రెండు గుంపుల మధ్య ఎడం ఎంతో అది చెబుతుంది. 1949లో రావు, పాట్రిక్ స్లేటర్ కలిసి ఇదే ఆలోచనని న్యూరోసిస్ రోగుల మీద పెట్టేరు. ఆందోళన, హిస్టీరియా, అబ్సెషన్ వంటి పేర్లున్న గుంపుల మధ్య దూరాలెంత, మామూలు మనుషులకి వీళ్ళు ఎంత ఎడంగా ఉన్నారు? పిన్ని ప్రశ్నని ఇంతకన్నా శుభ్రంగా అంకెల్లోకి మార్చడం కష్టం. రెండు పేర్ల మధ్య దూరం సున్నకి దగ్గరైతే అవి ఒకే జబ్బుకి రెండు పేర్లు, దూరం పెద్దదైతే రెండు జబ్బులు. రావు 1955లో ఫాక్టర్ ఎనాలిసిస్ మీద కూడా ఒక ముఖ్యమైన వ్యాసం రాసేడు. ఆయన పేరు చెప్పగానే మనకి క్రేమర్-రావు అసమానత గుర్తొస్తుంది కానీ, ఈ పని గురించి తెలుగులో మాట్లాడుకోవడం నేను పెద్దగా వినలేదు.

227 రకాల డిప్రెషన్

లెక్కలవాళ్ళు ఇలా కొలబద్దలు గీసుకుంటూ ఉంటే, వైద్యులు సరిగ్గా ఎదురు దిక్కుగా నడిచేరు. దానికి వాళ్ళకి మంచి కారణమే ఉంది. 1972లో అచ్చయిన ఒక అధ్యయనంలో న్యూయార్క్, లండన్ ఆసుపత్రుల్లో చేరిన రోగులని ఒకే పద్ధతిలో పరీక్షించి చూసేరు. రోగులు ఇంచుమించు ఒకే రకం. కానీ న్యూయార్క్ డాక్టర్లు స్కిట్జోఫ్రీనియా అన్న పేరు లండన్ డాక్టర్ల కన్నా ఎన్నో రెట్లు ఉదారంగా పెడుతున్నారు. అట్లాంటిక్ దాటితే జబ్బు మారిపోతోంది. మా చిన్నాన్నకి జిల్లా దాటితే మారింది, అంతే తేడా.

పేర్లు పెట్టడంలో ఈ అరాచకాన్ని ఆపాలని అమెరికా మానసిక వైద్యుల సంఘం రాబర్ట్ స్పిట్జర్ నాయకత్వంలో 1980లో డిఎస్ఎమ్ మూడో కూర్పు తెచ్చింది. 1952 నాటి మొదటి కూర్పు సుమారు 130 పేజీలు, ఇది 494 పేజీలు. ప్రతి జబ్బుకీ లక్షణాల జాబితా, ఇన్ని ఉంటే జబ్బు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఏ ఊరి డాక్టరైనా అదే జాబితా చూసి అదే పేరు పెట్టాలి. కారణాల జోలికి పోలేదు. ఇది చిన్న విజయం కాదు. మందుల పరీక్షలైనా, జనాభా సర్వేలైనా ఆ తరవాతే గట్టి నేల మీద నిలబడ్డాయి.

కానీ జాబితాకి తన లెక్క తనకుంది. ఇప్పటి డిఎస్ఎమ్‌లో డిప్రెషన్‌కి తొమ్మిది లక్షణాలు. కనీసం ఐదు ఉండాలి, అందులో మొదటి రెండిటిలో (దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం) ఒకటైనా ఉండి తీరాలి. తొమ్మిదింటిలోంచి ఐదు గాని అంతకన్నా ఎక్కువ గాని ఎంచుకునే మార్గాలు 256. ముఖ్యమైన రెండూ లేనివి 29. తీసేస్తే 227. అంటే డిప్రెషన్ అన్న ఒకే పేరు కింద 227 రకాల మనుషులు ఉండొచ్చు. వాళ్ళలో ఇద్దరికి ఉమ్మడిగా ఒకే ఒక్క లక్షణం ఉండడానికి కూడా వీలుంది. ఇదే లెక్క పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్‌కి కడితే 2013 నాటి డిఎస్ఎమ్ ప్రకారం ఆరు లక్షల పైచిలుకు రకాలు తేలేయి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. మూడో కూర్పులో ఒక మర్యాద ఉండేది. పెద్ద జబ్బు పేరు పెట్టేక, దాని నీడలో ఉన్న చిన్న జబ్బులకి విడిగా పేరు పెట్టకూడదు. 1987 సవరణలో ఆ మర్యాదని చాలా వరకు ఎత్తేసేరు. ఎన్ని జాబితాలకి సరిపోతే అన్ని పేర్లూ పెట్టుకోవచ్చు. దాంతో ఇన్నాళ్ళూ కప్పిపుచ్చిన సంగతి బయటపడింది. 1994లో అచ్చయిన అమెరికా జాతీయ సర్వేలో 15 నుంచి 54 ఏళ్ళ మధ్య వయసున్న 8,098 మందిని అడిగేరు. మొత్తం జబ్బుల్లో సగానికి పైగా 14 శాతం మందిలోనే ఉన్నాయి. ఆ 14 శాతానికీ తలా మూడో అంతకన్నా ఎక్కువో జబ్బులు. ఒక జబ్బు ఉన్న మనిషికి ఇంకో జబ్బు ఉండడం యాదృచ్ఛికమే అయితే ఇలా జరగదు. దీన్ని కోమార్బిడిటీ అన్నారు, జంటజబ్బులు అనుకోండి. 2019లో డెన్మార్క్ నుంచి దాదాపు 59 లక్షల మంది వివరాలతో వచ్చిన అధ్యయనంలో మానసిక జబ్బులని పది కుదుళ్ళుగా విడదీసి, ఏది వచ్చినవాళ్ళకి తరవాత ఏది వస్తోందో చూసేరు. ఏ జత తీసుకున్నా, ఒకటి వస్తే రెండోది వచ్చే అవకాశం పెరిగింది. ఒక్క జతకీ మినహాయింపు లేదు.

స్పియర్‌మన్ మార్కుల పట్టిక గుర్తొస్తోంది కదా? ఏ రెండు సబ్జెక్టులు తీసుకున్నా సున్న కన్నా ఎక్కువే.

'పి' అన్న అక్షరం

ఈ పట్టికని ఫాక్టర్ ఎనాలిసిస్‌కి ఇస్తే ఏమవుతుంది? పిల్లల విషయంలో దీనికి జవాబు అప్పటికే ఉంది. 1966లో థామస్ ఆకెన్‌బాక్ 300 మంది మగపిల్లలు, 300 మంది ఆడపిల్లల ఆసుపత్రి రికార్డులు తీసుకుని, లక్షణాలు రెండు పెద్ద గుంపులుగా పడుతున్నాయని చూపించేడు. భయం, దిగులు, ఊరికే కడుపునొప్పి లాంటివి ఒక గుంపు, బాధ లోపలికి తిరిగినవి. దొంగతనం, కొట్లాట, చెప్పినమాట వినకపోవడం ఇంకో గుంపు, బాధ బయటికి తిరిగినవి. 1999లో రాబర్ట్ క్రూగర్ పైన చెప్పిన అమెరికా సర్వే మీద ఇదే లెక్కకట్టి, పెద్దవాళ్ళలో కూడా అవే రెండు గుంపులు ఉన్నాయన్నాడు. డిప్రెషన్, ఆందోళన ఒకవైపు. తాగుడు, మత్తు, సంఘవ్యతిరేక ప్రవర్తన ఇంకోవైపు.

కానీ ఈ రెండు గుంపుల మధ్య కూడా పొత్తు గట్టిగానే ఉంది. అది ఎందుకు? 2012లో బెంజమిన్ లేహీ బృందం ఆ పొత్తుని కూడా లెక్కలోకి తెచ్చి, అన్ని జబ్బులనీ తాకే ఒక సామాన్య కారకం పెడితే పట్టిక మరింత బాగా సరిపోతుందని చూపించింది. 2014లో అవ్‌షలోమ్ కాస్పీ, టెరీ మాఫిట్, వాళ్ళ సహచరులు అదే మాటని న్యూజీలాండ్ నుంచి చెప్పి, దానికి స్పియర్‌మన్‌ని తలుచుకుంటూ 'పి' అని ఒక్క అక్షరం పేరు పెట్టేరు. మనోవ్యాధికి ఇంగ్లీషులో ఉన్న పెద్ద మాటకి అది మొదటి అక్షరం.

వాళ్ళ దగ్గర ఉన్న సరుకు అపురూపమైనది. డునెడిన్ అన్న ఊళ్ళో 1972 ఏప్రిల్ నుంచి 1973 మార్చి లోపల పుట్టిన 1,037 మందిని చిన్నప్పటి నుంచి విడవకుండా చూస్తూ వస్తున్నారు. 18 నుంచి 38 ఏళ్ళ దాకా ఐదుసార్లు పిలిచి మానసిక జబ్బుల గురించి అడిగేరు. 'పి' ఎక్కువ ఉన్నవాళ్ళకి జీవితంలో ఒడుదుడుకులు ఎక్కువ, కుటుంబంలో మానసిక జబ్బుల చరిత్ర ఎక్కువ, పసితనంలోనే మెదడు పనితీరులో తేడాలు ఎక్కువ. ఇంకో సంగతి కూడా ఈ ఊరే చెప్పింది. 45 ఏళ్ళు వచ్చేసరికి వాళ్ళలో 86 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక జబ్బు జాబితా సరిపోయింది. ఏ జబ్బూ తగలనివాళ్ళే అరుదు. మన దేశంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్క 13.7 శాతం. న్యూజీలాండ్‌లో పిచ్చి ఎక్కువ, మన దగ్గర తక్కువ అని దీనికి అర్థం కాదు. ఒక్కసారి వెళ్ళి 'ఎప్పుడైనా ఇలా అయిందా?' అని అడిగితే జనం చాలా మరిచిపోతారు, కొంత దాస్తారు. మళ్ళీ మళ్ళీ అడిగితే వచ్చే లెక్క వేరు. అన్నట్టు, ఆ సర్వే జరిగిన పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశూ లేదు, తెలంగాణా లేదు.

జన్యుశాస్త్రం నుంచీ కొంత ఊతం వచ్చింది. 2013లో ఐదు జబ్బులకి సంబంధించి 33,332 మంది రోగుల జన్యువులని పోల్చి చూస్తే, పేర్లు వేరైనా కొన్ని జన్యుభేదాలు ఉమ్మడిగా ఉన్నాయని తేలింది. క్రేపెలిన్ చీల్చిన స్కిట్జోఫ్రీనియా, బైపోలార్ ఆ ఐదింటిలో ఉన్నాయి, వాటి మధ్య చుట్టరికం దగ్గరిదని కూడా తేలింది. గ్రీజింగర్ మళ్ళీ తలెత్తేడన్నమాట, ఈసారి కంప్యూటరు పట్టుకుని.

పాచికల సాక్ష్యం

ఇప్పుడు మునిసిపాలిటీ ట్యాంకరు సంగతి. 1916లో గాడ్‌ఫ్రీ థామ్సన్ అన్న ఇంగ్లీషు పంతులు పాచికలు వేసి స్పియర్‌మన్‌ని ఇరకాటంలో పెట్టేడు. అతని ఆలోచనని సులువైన అంకెల్లో చెబుతాను. వంద పాచికలు ఉన్నాయనుకోండి. ఒక్కో 'పరీక్ష' ఆ వందలోంచి ఏవో యాభై పాచికలని ఏరుకుంటుంది, వాటి మీద పడ్డ చుక్కల మొత్తమే మార్కు. రెండు పరీక్షలకి సగటున పాతిక పాచికలు ఉమ్మడిగా ఉంటాయి. కాబట్టి వాటి మధ్య సహసంబంధం సుమారు 0.5 వస్తుంది. ఏ రెండు పరీక్షలైనా అంతే. పట్టిక చూస్తే వెనక ఒకటే కారణం ఉన్నట్టు అచ్చు గుద్దినట్టు కనిపిస్తుంది. కానీ వెనక ఉన్నవి వంద, అందులో ఒక దానికీ ఇంకో దానికీ సంబంధం లేదు. ఒకే కారణం ఉంటే పట్టిక అలా వస్తుంది, నిజమే. పట్టిక అలా వచ్చింది కాబట్టి ఒకే కారణం ఉందనడానికి మాత్రం లేదు.

'జి' విషయంలో ఈ హెచ్చరికని పెడచెవిన పెట్టినందుకు ప్రపంచం కట్టిన మూల్యం తెలిసిందే. లెక్కలోంచి తేలిన అంకె మెదడులో ఉండే వస్తువైపోయింది, ఆ వస్తువు పుట్టుకతో వచ్చేదైపోయింది, ఆ పుట్టుక జాతులకీ కులాలకీ అంటుకుంది. దీని మీద స్టీఫెన్ జే గూల్డ్ 1981లో ఒక పుస్తకమే రాసేడు. 'పి'కి కూడా అదే గతి పడితే? 'వీడికి పి ఎక్కువ' అని ఉద్యోగం దగ్గరా, పెళ్ళిచూపుల దగ్గరా అనే రోజు వస్తే? ఆరు పేర్లు మోసిన మనిషి కష్టమే నయం అనిపిస్తుంది.

2010లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఆంజెలిక్ క్రామర్, డెన్నీ బోర్స్‌బూమ్ బృందం ఇంకో జవాబు చెప్పింది. లక్షణాల వెనక ఏదో ఉండి వాటిని పుట్టిస్తోందని ఎందుకు అనుకోవాలి? లక్షణాలే ఒకదాన్నొకటి పుట్టిస్తున్నాయేమో! నిద్ర పట్టదు, అందుకని అలసట. అలసట వల్ల పనిలో తప్పులు. తప్పుల వల్ల భయం. భయం వల్ల మళ్ళీ నిద్ర పట్టదు. ఇది అప్పుల లాంటిది. వడ్డీ కట్టడానికి ఇంకో అప్పు చేసినవాడి అప్పులన్నిటి వెనకా 'మహా అప్పు' ఒకటి కనిపించకుండా కూర్చుని ఉండదు, అప్పులే అప్పులని పుట్టిస్తాయి. ఇలాంటి వలలోంచి వచ్చే సహసంబంధాల పట్టిక కూడా ఒకే కారకం ఉన్నట్టే కనిపిస్తుంది.

లెక్కలవాళ్ళలో ఇంకో తగువు కూడా ఉంది. ఒక సామాన్య కారకమూ, దానితో పాటు విడివిడి కారకాలూ ఉండే నమూనాని బైఫాక్టర్ అంటారు. 1937లో కార్ల్ హోల్జింగర్, ఫ్రాన్సిస్ స్వైన్‌ఫోర్డ్ తయారుచేసేరు. 'పి'కి ఆధారంగా నిలిచింది చాలావరకు ఇదే. దీనికి వంగే గుణం ఎక్కువ. వేరే నమూనాతో కృత్రిమంగా పుట్టించిన అంకెలు ఇచ్చినా, అసలు నమూనా కన్నా తనే బాగా సరిపోయినట్టు చూపించుకోగలదు. అందరి కొలతలకీ సరిపోయే చొక్కాని చూసి, ఇది ఫలానావాడి కోసమే కుట్టేరని ఎలా అంటాం? పైగా లేహీ 'పి'లో డిప్రెషన్ వంటివి ముందున్నాయి, కాస్పీ 'పి'లో భ్రమల వంటివి ముందున్నాయి. ఇద్దరూ కొలిచింది ఒకటేనా?

కాస్పీ, మాఫిట్ కూడా 'పి' అంటే ఇదే అని తేల్చి చెప్పలేదు. మనసుని అదుపు చేసుకోలేకపోవడమా, ఆలోచనలు చెదరడమా, ఉద్వేగం అతిగా ఉండడమా అని వాళ్ళే ప్రశ్నలు వేసుకున్నారు. 2017లో రోమన్ కోటోవ్ తదితరులు హైటాప్ అన్న పేరుతో డిఎస్ఎమ్‌కి బదులుగా పైనుంచి కిందకి మెట్ల వరసలా ఉండే వర్గీకరణ ఒకటి ప్రతిపాదించేరు. అందులో కూడా అన్నిటికన్నా పై మెట్టు మీద 'పి' లాంటిది ఉంది కానీ, దాని గురించి ఇంకా చూడాలి అన్నట్టే ఉంచేరు.

వైద్యం మాత్రం ఈ తగువు తేలేదాకా ఆగలేదు. డేవిడ్ బార్లో బృందం ఆందోళన జబ్బులన్నిటికీ ఉమ్మడిగా పనికొచ్చే ఒక చికిత్సాపద్ధతి తయారుచేసి, 223 మంది మీద పరీక్షించి 2017లో ఫలితాలు చెప్పింది. ఒక్కో జబ్బుకీ విడిగా తయారైన చికిత్సలతో సమానంగా పనిచేసింది. ఒకే మాత్ర మూడు పేర్లకి రాసిన మా చిన్నాన్న డాక్టర్లు తెలిసో తెలియకో ఇలాంటి పనే చేసేరేమో.

పిన్నికి చెప్పింది

ఇదంతా చదివేక ఒకరోజు పిన్ని దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. ఏం చెప్పాలో ముందే రాసుకుని వెళ్ళేను కానీ, చెప్పబోతే ఒక సంగతి గొంతులో అడ్డం పడింది. ఇంతసేపూ చెప్పిన లెక్కలన్నీ జనం గురించి. వెయ్యిమందిని వరసలో నిలబెట్టి, ఎవరు ఎవరికన్నా ఎంత తేడాగా ఉన్నారన్నదే సహసంబంధం చెబుతుంది. ఒక్క మనిషి లోపల పాతికేళ్ళలో ఏది దేన్ని లాక్కొచ్చిందో అది చెప్పదు. వెయ్యిమందిలో 'పి' కనిపించినంత మాత్రాన చిన్నాన్న లోపల 'పి' అన్నది ఒకటి ఉందని కాదు. ఆయన్ని ఒక్కణ్ణీ ఏళ్ళ తరబడి, రోజూ చూసి రాసుకున్న లెక్క ఉంటే తప్ప ఆ సంగతి తెలియదు. అలాంటి లెక్క ఆయన విషయంలో ఎవరి దగ్గరైనా ఉందంటే అది పిన్ని దగ్గరే.

అందుకని చెప్పడం మానేసి అడిగేను. ముందు ఏమయ్యేది పిన్నీ, అని. ఆవిడ ఆలోచించుకోలేదు. "ముందు నిద్ర పోయేది. మూడు రాత్రుళ్ళు నిద్ర లేకపోతే నాలుగో రోజు తలుపు గొళ్ళెం పదిసార్లు చూసుకునేవారు. ఆ తరవాత ఎవరో మాట్లాడుతున్నారనేవారు. నిద్ర పట్టిన వారం మనిషి మామూలే," అంది. ఆరు పేర్లలో నాలుగు ఆ మూడు వాక్యాల్లోనే ఉన్నాయి, వచ్చిన వరసతో సహా. ఇది ఏ డాక్టరుకైనా చెప్పేవా అని అడిగేను.

"వాళ్ళు అడిగితే కదరా," అంది.

ఆరు జబ్బులు కావు అని మాత్రం చెప్పగలను పిన్నీ, అన్నాను. ఒకటే అని చెప్పడానికి నా లెక్క చాలదు. ఆవిడ చీటీలన్నీ మళ్ళీ సంచీలో పెట్టి, మూతి ముడేసి, బీరువాలో దాచింది.